ఆయుధ పూజ నాటి కొలతలు

నా ఉద్యోగం ఏమిటని పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే "తప్పులు పట్టడం" అని చెబుతాను. అవతలివాళ్ళు నవ్వి ఊరుకుంటారు. మా ఆవిడ మాత్రం నవ్వదు. ఇంట్లో కూడా అదే డ్యూటీ చేస్తానని ఆవిడ ఫిర్యాదు. నిజానికి నా పని చిన్నది. ఒకచోట వైర్‌లెస్ నెట్‌వర్క్ పెట్టాలంటే ముందుగా ఆ చోటంతా కంప్యూటర్‌లో బొమ్మ కట్టి, యాంటెన్నాలు ఎక్కడ నిలబెడితే సిగ్నల్ ఎంతవరకు పోతుందో లెక్క వేయిస్తారు. దాన్నే సిమ్యులేషన్ అంటారు. ఆ లెక్క ఎంతవరకు నిజమో చూడటానికి మీటరు పట్టుకుని ఎండలో తిరిగి, కంప్యూటర్ చెప్పినదానికీ నేల మీద ఉన్నదానికీ తేడా తేల్చి, సంతకం పెట్టేవాణ్ణి నేను. సంతకం పెట్టనని మొండికేసేవాణ్ణి కూడా నేనే. అందుకే ఆఫీసులో నాకు స్నేహితులు లేరు. కావాలని నేనూ ఎవరినీ అడగలేదు.

సిమ్యులేషన్లు చేసే మనిషి నాకు రెండు కుర్చీల అవతల కూర్చుంటాడు. ఆనందపురం వైపువాడు. చురుకైనవాడు, కష్టపడతాడు, క్యారేజీ మూత తీస్తే నలుగురికీ పెట్టిగాని తినడు. ఇన్ని మంచి గుణాలున్నా అతనంటే నాకు పడదు. మొదటి కారణం, వాచ్‌మన్ నుంచి క్లయింటు దాకా మగవాడు కనిపిస్తే చాలు, బావా అంటాడు. మా నాన్న స్టీలు ప్లాంటు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చి దువ్వాడలో ఇల్లు కట్టుకున్నాడు. నేను పుట్టిందీ, చదివిందీ, తిట్లు నేర్చుకుందీ ఈ ఊళ్ళోనే, కాబట్టి ఆ పిలుపు నాకు కొత్త కాదు. కానీ తన పనిలో తప్పు బయటపడినప్పుడల్లా అతనికి నా మీద చుట్టరికం పొంగుకొస్తుంది. అదే నాకు మంట.

"నేను పెళ్ళి చేసుకున్నది ఏలూరు పిల్లని, మీ చెల్లెల్ని కాదు. పేరు పెట్టి పిలువు," అని ఒకసారి అందరి ముందే అన్నాను.

"కోపమేటి బావా, సెల్లెలుంటే నీకే ఇచ్చీసేవోడ్ని," అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నా స్క్రీన్ వైపు తిరిగిపోయాను.

రెండో కారణం అతని మ్యాపులు. సిగ్నల్ ఉన్నచోట పచ్చ రంగు, లేనిచోట ఎరుపు. అతని మ్యాపుల్లో ఎరుపు ఎప్పుడో గాని కనబడదు. మా పెద్దసారు వాటిని గోడ మీద పెద్దది చేసి చూపించి, క్లయింట్లకి కాఫీ ఇప్పిస్తాడు. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు. మా ఆఫీసులో ఆ పిల్ల పెద్దసారుకి కూడా ముద్దే. ఆ ముద్దు పిల్లని ఎండలోకి తీసుకెళ్ళి తూకం వెయ్యడం నా వంతు.

ఓడరేవు పక్కన ఒక స్టాక్ యార్డు నుంచి మాకు పని వచ్చింది. అక్కడ ఉక్కు రేకుల్ని చాపల్లా చుట్టిన కాయిళ్ళు వరసల్లో పేర్చి ఉంటాయి. ఏ ఒక్కటి మీద పడినా మనిషి ఆనవాలు మిగలదు. వాటికి అటూ ఇటూ నేల మీద పట్టాలు, ఆ పట్టాల మీద ఎత్తైన కాళ్ళతో పెద్ద క్రేన్లు నడుస్తాయి. కళాసీలు కాయిళ్ళ సందుల్లో వంగి గొలుసులు తగిలిస్తారు. పైన క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవర్‌కి కాయిల్ వెనక వంగినవాడు కనబడడు. అందుకని ప్రతి క్రేన్‌కీ కింద ఒక జెండా మనిషి ఉంటాడు. అతను ఎర్ర జెండా ఎత్తితే క్రేన్ ఆగాలి.

మా కంపెనీ వాళ్ళకి అమ్మజూపింది ఒక బెల్టు. కళాసీ దాన్ని నడుముకి కట్టుకుంటాడు. దానికో ఎర్ర బటన్. నొక్కితే వైర్‌లెస్‌లో కబురు పోయి క్రేన్ ఆగుతుంది. ఇక జెండావాళ్ళు అక్కర్లేదు. నేను సంతకం పెడితే వాళ్ళని తీసేస్తారు. ఆపైన పట్టాల పక్కన వంగినవాడి ప్రాణం ఆ బటన్ మీద ఉంటుంది, ఆ బటన్ మా మ్యాప్ మీద ఉంటుంది. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు రాదు. పెద్దసారుకి కూడా ఇంతే సూటిగా చెప్పాను.

"సెంటిమెంట్లు వద్దండి, టెక్నికల్‌గా మాట్లాడండి," అన్నాడాయన. మనుషులు చావడం ఆయన లెక్కలో టెక్నికల్ కాదు.

నిజానికి మొదట్లో ఆ బెల్టుకి ఒక మంచి ఏర్పాటు ఉండేది. సిగ్నల్ తెగితే చాలు, ఎవరూ నొక్కకపోయినా క్రేన్ తనంతట తనే ఆగిపోయేది. ట్రయల్ వేసిన రోజుల్లో అది ఊరికే ఆగడం మొదలుపెట్టింది. లారీలు గేటు దాకా నిలిచిపోయాయి, యార్డువాళ్ళు తిట్టారు. ఎందుకు ఆగుతోందని అడగాల్సిన చోట, ఆగకుండా ఎలా చెయ్యాలని మావాళ్ళు అడిగారు. మ్యాప్ మొత్తం పచ్చగా ఉంది కాబట్టి సిగ్నల్ తెగడం అనేది జరగదు, ఇదంతా బ్యాటరీ గొడవ అని తీర్మానించి ఆ ఏర్పాటు తీసేశారు. అంటే ఇక సిగ్నల్ తెగినా క్రేన్‌కి ఆ సంగతి తెలియదు. అది తన దారిన పోతూనే ఉంటుంది.

ఆ సమయానికి నేను పరవాడలో వేరే పని మీద ఉన్నాను. తిరిగొచ్చేసరికి యార్డు కొలతలు కూడా అయిపోయాయి. "నీకు శ్రమెందుకని నానే సేసీసేను బావా," అన్నాడు మా సిమ్యులేషన్ మనిషి. కాగితాలు నా టేబుల్ మీద పెట్టాడు. కంప్యూటర్ ఏ చోట ఎంత చెప్పిందో మీటరు కూడా అచ్చం అంతే చెప్పింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి.

ఇన్నేళ్ళ నా పనిలో అంత చక్కగా కలిసిన కొలతలు నేను చూడలేదు. గోడౌన్ తలుపు తీసి ఉంటే ఒక రీడింగు, మూసి ఉంటే ఒక రీడింగు వస్తాయి. అలాంటిది ఇనుముతో నిండిన యార్డులో ఒక్కచోటైనా తేడా రాలేదంటే, కొలిచిన రోజున అక్కడ ఉండాల్సింది ఏదో లేదన్నమాట.

"ఏ రోజు కొలిచావు?" అన్నాను.

"ఆయుధ పూజ రోజునే. ఆ రోజైతే క్రేన్లు తిరగవు కదేటి. పర్మిషన్ గొడవ నేదు, హెల్మెట్ గొడవ నేదు, మొత్తం యార్డు హాయిగా తిరిగేసేం. పులిహోర కూడా ఎట్టేరు," అన్నాడు సంబరంగా.

ఆయుధ పూజ మా ఊళ్ళో సామాన్యమైన పండగ కాదు. పోర్టులో, వర్క్‌షాపుల్లో, ఆటో స్టాండుల్లో చక్రం ఉన్న ప్రతిదీ ఆ రోజు దేవుడే. ఆ యార్డులో మరీనూ. కాయిల్ కింద మురికి ఉండగా క్రేన్‌కి బొట్టు పెట్టకూడదని అక్కడి మేస్త్రీ పట్టుదల. అందుకని పూజకి ముందే ఎంత సరుకు వీలైతే అంత లారీలకెక్కించి పంపేస్తారు. మిగిలిన కాయిళ్ళని ఒక్క వరసలో నేలకి దించి, యార్డంతా కడుగుతారు. క్రేన్లకి బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఆ రోజు ఒక్క యంత్రం కదలదు. మామూలు రోజున అదే చోట కాయిళ్ళు మూడు వరసల ఎత్తున గోడలా లేచి ఉంటాయి, మధ్యలో లారీలు, పైన క్రేన్లు, అన్నీ సిగ్నల్‌కి అడ్డమే.

ఇతను కంప్యూటర్‌లో కట్టిన యార్డులో కూడా కాయిళ్ళు ఒక్క వరసే. కాంట్రాక్టు డ్రాయింగులో అలాగే ఉందట. బొమ్మలో యార్డు ఖాళీ, కొలిచిన రోజున యార్డు ఖాళీ. ఇంక కలవక ఏం చేస్తాయి? పెళ్ళిచూపుల్లో కాఫీ తాగే తీరు చూసి పిల్లాడికి తాగుడు లేదని తేల్చినట్టుంది.

అంతటితో ఆగలేదు. ఎక్కడైనా కాస్త తేడా వస్తే, ఆ కొలతనే తీసుకుని ఏ అడ్డంకి సిగ్నల్‌ని ఎంత తగ్గిస్తుందన్న కంప్యూటర్ లెక్కలు సర్దాడు. సర్దాక మళ్ళీ ఆ కొలతతోనే పోల్చి, కలిసింది అన్నాడు. ప్రశ్నపత్రం ముందే చూసినవాడికి నూటికి నూరు వచ్చాయని ఊరేగించడం లాంటిదే ఇది. ఇదంతా అతనికి వివరంగా చెప్పాను. గొంతు పెంచే చెప్పాను, దాచను.

"నువ్వెప్పుడూ ఇంతే బావా. కలవకపోతే ఎందుకు కలవనేదంటావు. కలిస్తే ఎందుకు కలిసిందంటావు. మరి నానేటి సెయ్యాలి?"

"పనిరోజున కొలవాలి."

"పనిరోజున యార్డులోకి ఎవడు రానిత్తాడు?"

"కళాసీలని రానిస్తున్నారుగా?"

ఇలాంటి ప్రశ్న ఎదురైతే అతను టీ తాగడానికి వెళతాడు. వెళ్ళాడు.

నేను పనిరోజున యార్డుకి వెళ్ళాను. గేటు దగ్గర పర్మిషన్ కోసం అరిచిన అరుపులు వేరే కథ. బొగ్గు దుమ్ము, ఉప్పుగాలి, చెమట, మూడూ కలిసి చొక్కా కాలర్ నల్లబడింది. మీటరు పట్టుకుని కాయిళ్ళ సందుల్లో తిరుగుతుంటే, ఒక క్రేన్ దగ్గర జెండా పట్టుకున్న ముసలాయన నన్ను చూసి పక్కవాళ్ళకి వినబడేలా అన్నాడు.

"ఈడేనర్రా మన జెండాలు పీకడానికొచ్చినోడు."

"పీకడానికి కాదు, ఆపడానికి వచ్చాను," అన్నాను.

"అందరూ అలగే సెప్తారు బాబూ. సముద్రం మీద సేపల్లేక ఇటొచ్చేం. ఈ గుడ్డముక్క మీద కూడా మీ కళ్ళు పడ్డాయి. ఎల్లు, ఎల్లు, నీ పని సూసుకో."

నా పాదాల పక్కన ఉమ్మేశాడు. జెండావాళ్ళేమీ దేవుళ్ళు కారు. ఈయన కూడా నేను చూస్తుండగానే రెండుసార్లు జెండా చంకలో పెట్టుకుని ఫోన్ మాట్లాడాడు. వాళ్ళ మీద జాలితో నేను ఈ గొడవ పెట్టుకోలేదు. ఎవరు తప్పు లెక్క మీద సంతకం అడిగినా నాకు ఒళ్ళు మండుతుంది, అంతే.

మూడు వరసల కాయిళ్ళ వెనక, పట్టాల పక్కన, సరిగ్గా కళాసీలు వంగే చోట మీటరులో సిగ్నల్ పడిపోయింది. పూర్తిగా. అడుగు ఇటు వేస్తే వస్తుంది, అటు వేస్తే పోతుంది. అలాంటి చోట్లు ఆ వరస పొడుగునా ఉన్నాయి. ఆఫీసుకి వచ్చి పెద్దసారు ముందు రీడింగులు పెట్టాను.

ఆయన అద్దాలు సవరించుకుని, "మీ మీటరు ఒకసారి చెక్ చేయించండి," అన్నాడు.

"పెద్దవాడైపోతన్నాడు సార్, చెయ్యి ఒణుకుతంది," అన్నాడు వెనకనుంచి మా సిమ్యులేషన్ మనిషి. అతని కంటే నేను ఆరేడేళ్ళు పెద్ద, అంతే. నా చెయ్యి ఒక్క అతన్ని చూసినప్పుడే వణుకుతుంది.

"సార్, మీటరు వద్దు, మ్యాప్ వద్దు," అన్నాను. "బెల్టు నేను కట్టుకుంటాను. ఆ చోట నేను నిలబడతాను. క్రేన్ నడిపించండి. ఆగితే అక్కడికక్కడే సంతకం పెడతాను."

పెద్దసారుకి కావలసింది సంతకం. ఒప్పుకున్నాడు.

భోజనాల వేళ యార్డులో పని ఆగినప్పుడు పరీక్ష పెట్టారు. క్రేన్‌కి ఏ బరువూ తగిలించలేదు. నెమ్మదిగా నడపమనీ, బెల్టు ఆపితేనో లేక పట్టాల చివర స్తంభానికున్న వైరు బటన్ ఆపితేనో తప్ప ఆగవద్దనీ డ్రైవర్‌కి చెప్పారు. ఆ వైరు బటన్ దగ్గర మా సిమ్యులేషన్ మనిషిని నిలబెట్టమని నేనే పట్టుబట్టాను. వైరు కాబట్టి అది తప్పకుండా పనిచేస్తుంది. పైన డ్రైవర్‌కి నేను కనబడను. పట్టాల వెంట సూటిగా చూస్తే స్తంభం దగ్గరున్న అతనికి మాత్రం నేను బాగా కనబడతాను.

"నేను నొక్కి, చెయ్యి పైకెత్తుతాను. అప్పటికీ క్రేన్ వస్తూనే ఉంటే నువ్వు నొక్కు. అర్థమైందా?"

"అర్థమైంది బావా. నీకు అంత అవసరం రాదులే," అని నవ్వాడు.

క్రేన్ కదిలింది. అంత పెద్ద ఇనుము కదులుతున్నా చక్రాల చప్పుడు తక్కువే. అదే దాంతో ప్రమాదం. నేను కళాసీలా ఒక మోకాలు మీద వంగి, చక్రం వచ్చే వైపు చూస్తూ బటన్ నొక్కాను. చెయ్యి పైకెత్తాను. క్రేన్ ఆగలేదు. మళ్ళీ నొక్కాను. బొటనవేలు నొప్పి పుట్టేలా నొక్కాను. చెయ్యి ఊపాను, అరిచాను. అతను స్తంభం దగ్గర నిలబడి నన్నే చూస్తున్నాడు. అతని చెయ్యి ఆ బటన్ మీదే ఉంది.

"నొక్కు బావా, సరిగ్గా నొక్కు! నాటకాలాడకు!" అని అతను అరవడం వినబడింది.

చక్రం నా దగ్గరకి వచ్చేసింది. నేను పక్కకి దూకాను. దూకడానికి నాకు వీలుంది, ఎందుకంటే నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను. గొలుసు తగిలిస్తూ వీపు ఇటు పెట్టినవాడికి ఆ వీలు ఉండదు. కంకర మీద పడి మోచెయ్యి చీరుకుపోయింది. క్రేన్ నన్ను దాటి, కాయిళ్ళ వరస దాటి, సాఫీగా ముందుకి పోయింది. అతను వైరు బటన్ నొక్కనేలేదు. చివరికి నా అరుపులు విని డ్రైవరే ఆపేశాడు.

నేను లేచి అతని దగ్గరకి నడిచాను. నా మోచేతి నుంచి నెత్తురు కారుతోంది.

"బాగా నటించేవు బావా," అన్నాడు. "నొక్కకుండానే నొక్కినట్టు సేసీసేవు. సంతకం ఎగ్గొట్టడానికి ఇంత కట్టమెందుకు?"

చెంప మీద కొట్టాను. ఆలోచించి కొట్టలేదు గానీ, ఆలోచించి ఉంటే ఇంకాస్త గట్టిగా కొట్టేవాణ్ణి.

అప్పటి నుంచి ఆఫీసులో క్రేన్ ఆగని సంగతి ఎవరికీ పట్టలేదు. అందరికీ చెంపదెబ్బే కావాలి. బెల్టు సంగతి ఎత్తితే "ముందు ఆ గొడవ తేలనివ్వండి" అన్నారు. క్లయింటు ఆవరణలో సహోద్యోగి మీద చెయ్యి చేసుకున్నానని నన్ను ఇంటికి పంపారు. ఈలోపు నా సంతకం వేరొకరి చేత పెట్టించే ఏర్పాట్లు జరుగుతున్నాయని ఆఫీసు డ్రైవరు చెప్పాడు. మా ఆవిడ మాత్రం మోచేతికి మందు రాస్తూ, "క్షమాపణ చెప్పెయ్యండి, వెధవ గొడవ. ఉద్యోగం పోతే మీరు రోజంతా ఇంట్లో ఉంటారు, అది నావల్ల కాదు," అంది.

నాలుగు రోజులకి పెద్దసారు ఫోన్ చేశాడు. యార్డువాళ్ళ ముందు నోటితో క్షమాపణ చెబితే చాలు, జరిగింది మరిచిపోదామన్నాడు. యార్డు వాళ్ళ సేఫ్టీ ఆఫీసరు కూడా వస్తుందనీ, వాళ్ళ ముందు కంపెనీ పరువు దక్కాలనీ అన్నాడు. సరేనన్నాను. నేనంత తేలిగ్గా సరేననడం ఆయనకి వింతగా ఉండాల్సింది. ఆయనకి ఆ తెలివి ఉంటే మ్యాప్ చూసినప్పుడే అనుమానం వచ్చేది.

యార్డు ఆఫీసు గదిలో కూర్చున్నాం. ఒక పక్క పెద్దసారు, చెంప తడుముకుంటూ మా సిమ్యులేషన్ మనిషి. ఎదురుగా సేఫ్టీ ఆఫీసరు మేడమ్, యాభై దాటిన మనిషి, సేఫ్టీ బూట్లు వేసుకుని ఉంది. పరీక్ష రోజున ఆవిడ ఊళ్ళో లేదట. ఇద్దరు ఇంజినీర్లు దెబ్బలాడుకున్నారని మాత్రమే ఆవిడకి చెప్పారు.

నేను లేచి నిలబడ్డాను. "నా సహోద్యోగిని కొట్టినందుకు క్షమించమని అడుగుతున్నాను," అన్నాను. పెద్దసారు ఊపిరి పీల్చుకున్నాడు. నేను ఆపలేదు. "ఎందుకు కొట్టానో చెప్పకపోతే క్షమాపణ పూర్తి కాదు కాబట్టి చెబుతున్నాను. మూడు వరసల కాయిళ్ళ వెనక నిలబడి బెల్టు బటన్ నొక్కాను, క్రేన్ ఆగలేదు. చెయ్యి ఊపాను, అరిచాను. ఈయన చేతిలో వైరు బటన్ ఉంది. ఈయన నొక్కలేదు. నేను దూకాను. ఆ తరవాత కొట్టాను."

"కూర్చోండి, ఇక చాలు," అన్నాడు పెద్దసారు.

"ఉండండి," అంది మేడమ్. ఆవిడ నావైపు చూడలేదు. అతని వైపు తిరిగింది. "క్రేన్ ఆగలేదా?"

అతను పెద్దసారు మొహం చూశాడు. అక్కడ ఏమీ దొరకలేదు. "ఆగనేదు మేడమ్," అన్నాడు.

"ఆయన చెయ్యి ఊపడం మీకు కనబడిందా?"

"కనబడింది."

"అరవడం వినబడిందా?"

"వినబడింది మేడమ్."

"వైరు బటన్ మీ చేతికింద ఉంది. మరి ఎందుకు నొక్కలేదు?"

అతను అబద్ధం చెప్పొచ్చు. భయమేసిందనొచ్చు, చెయ్యి జారిందనొచ్చు. నేనైతే అతను ఏదో ఒకటి అల్లుతాడనే కాచుకుని కూర్చున్నాను. కానీ అతను తలెత్తి, చాలా నిజాయితీగా, తనకే అర్థం కాని సంగతి ఆవిడకి వివరిస్తున్నట్టు చెప్పాడు.

"మ్యాప్‌లో అక్కడ సిగ్నల్ ఉంది మేడమ్."

మేడమ్ కుర్చీ వెనక్కి జరిపింది. తరవాత జెండావాళ్ళని తియ్యడం లేదనీ, మా బెల్టులు మేమే తీసుకుపోవచ్చనీ పెద్దసారుకి చెప్పి లేచి వెళ్ళిపోయింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను. క్షమాపణలో ఇక మీదట ఇలా జరగదని చెప్పాల్సిన భాగం మిగిలిపోయింది. దాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పను.